ఐదు రోజుల స్టెరాయిడ్ ఆపాక అడ్రినల్ మళ్లీ ఎప్పటికి అందుకుంటుంది, ముందే చెప్పగలమా?

ఓపీలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టర్ గారూ, ఈ స్టెరాయిడ్ ఐదు రోజులే రాశారు కదా, ఆరో రోజు టక్కున ఆపేస్తే ఏమీ అవ్వదా?" అని. చాలా మంచి ప్రశ్న అండి. దానికి నేను రెండు ముక్కల్లో జవాబు చెప్తాను, ఐదు రోజులకి దాదాపు ఎవరికీ ఏమీ అవ్వదు, హాయిగా ఆపేయండి, కానీ గడిచిన ఏడాదిలో మీకు ఇది ఎన్నో కోర్సో ముందు నాకు చెప్పండి అని. మొదటి ముక్క విని అందరూ లేచి వెళ్లిపోతారు, రెండో ముక్కకి జవాబు చెప్పేవాళ్లు తక్కువ, అసలు సంగతంతా ఆ రెండో ముక్కలోనే ఉంది. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే అవుతుంది, ఇంట్లో ఆస్తమా వాళ్లున్నా, మోకాళ్ల నొప్పులకి ఇంజెక్షన్లు చేయించుకునే పెద్దవాళ్లున్నా, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి ప్రోటీన్ పోయి ఒళ్లు వాచే జబ్బు) ఉన్న పిల్లలున్నా ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తా. రెండు కిడ్నీల పైన చెరొక చిన్న గ్రంథి ఉంటుంది, అదే అడ్రినల్. దాని పై పొరలో కార్టిసాల్ తయారవుతుంది. బీపీని నిలబెట్టేది, షుగర్ మరీ పడిపోకుండా చూసేది, జ్వరమో యాక్సిడెంటో ఆపరేషనో వచ్చినప్పుడు ఒంటిని తట్టుకునేలా చేసేది ఈ కార్టిసాలే. అడ్రినల్ ఈ పని సొంతంగా చెయ్యదు, మెదడులో హైపోథలమస్ అనే చోటు నుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోను వస్తే దాని కిందున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోను వదులుతుంది, ఆ ఏసీటీహెచ్ రక్తంలో కిందికొచ్చి చెప్తే అప్పుడు అడ్రినల్ కార్టిసాల్ చేస్తుంది. తెల్లవారుజామున పెరగడం మొదలై మనం నిద్ర లేచే వేళకి బాగా ఎక్కువుంటుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. మరి బయటి నుంచి ప్రెడ్నిసోలోనో డెక్సామెథాసోనో లాంటి స్టెరాయిడ్ మందు పడితే మెదడు దాన్ని కూడా కార్టిసాల్ కిందే లెక్కేసుకుని, రక్తంలో కావలసినంత ఉందిలే అని సీఆర్‌హెచ్, ఏసీటీహెచ్ రెండూ ఆపేస్తుంది.

మా డెల్టా వాళ్లకైతే ఇలా చెప్తాను, కాలవలో నీళ్లు పారినన్నాళ్లూ బోరు మోటారు ఎవరూ వెయ్యరు, వేసవిలో కాలవలు కట్టేశాక స్విచ్ వేస్తే కొన్ని మోటార్లు వెంటనే అందుకుంటాయి, కొన్ని పట్టేసి ఉంటాయి. ఏది అందుకుంటుందో ఏది పట్టేసిందో పైనుంచి చూసి చెప్పడం కష్టం.

చాలామంది, కొందరు డాక్టర్లు కూడా, వారాల తరబడి వాడితేనే అడ్రినల్ అణుగుతుంది, రెండు మూడు రోజులకి ఏమీ అవ్వదు అనుకుంటారు. అణగడం మొదటి మాత్రతోనే మొదలైపోతుంది అండి. కుషింగ్స్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ మరీ ఎక్కువైపోవడం) ఉందేమో చూడ్డానికి మేం చేసే టెస్టు గుర్తు చేసుకోండి, రాత్రి పదకొండింటికి డెక్సామెథాసోన్ 1 మి.గ్రా. మింగమని పొద్దున్న ఎనిమిది తొమ్మిది మధ్య రక్తం తీస్తాం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి అప్పటికి కార్టిసాల్ డెసీలీటరుకి 1.8 మైక్రోగ్రాముల కిందికి పడిపోయి ఉండాలి. మామూలుగా ఆ టైముకి పదికి పైన ఉండాల్సింది ఒక్క మాత్రకే అంత కిందికి వెళ్తుంది. మాత్ర ప్రభావం పోయాక మళ్లీ లేస్తుంది, ఆ మనిషికి ఏమీ తెలియదు కూడా. అంచేత స్టెరాయిడ్ వేసుకున్న వాళ్లలో అడ్రినల్ అణిగిందా అని అడగడంలో పెద్ద అర్థం లేదు, అణుగుతుంది. ఆపాక ఎన్నాళ్లకి లేస్తుంది, ఆ లేచేలోపు ఒంటికి పెద్ద కష్టం వస్తే తట్టుకుంటుందా, ముందే తెలుసుకోవాల్సింది ఇదీ.

డోసుల లెక్క కూడా ఒకసారి చూడండి, ఇది తెలియక చాలామంది "చిన్న మాత్రే కదా" అంటారు. మన ఒళ్లు రోజుకి తయారుచేసే కార్టిసాల్ ప్రెడ్నిసోలోన్ లెక్కలో చెప్తే 4 నుంచి 6 మి.గ్రా. ఆస్తమా అటాక్ వస్తే మేం రాసేది రోజుకి 40 మి.గ్రా. అటూ ఇటూగా, అంటే మామూలు రోజుకి కావలసినదానికి ఏడెనిమిది రెట్లు. ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా. అంటే మిథైల్ ప్రెడ్నిసోలోన్ 4, హైడ్రోకార్టిసోన్ 20, డెక్సామెథాసోన్ ముప్పావు మి.గ్రా. మాత్రమే. డెక్సా మాత్ర చూడ్డానికి ఎంత చిన్నగా ఉంటుందో లోపల అంత గట్టిది, పైగా దాని పని ఒకటిన్నర రెండు రోజులు ఒంట్లో ఉండిపోతుంది. జ్వరమనో ఒళ్లునొప్పులనో వెళ్తే ఊళ్లో వేసే డెక్సా ఇంజెక్షన్ ఒక వయల్ మొత్తం పొడిస్తే 8 మి.గ్రా., అది ప్రెడ్నిసోలోన్ లెక్కలో యాభై దాటుతుంది. ఆ ఇంజెక్షన్ పడ్డ సాయంత్రానికి మనిషి లేచి తిరుగుతాడు, "ఆయన చెయ్యి మంచిది" అంటారు, మళ్లీ నెలకి మళ్లీ అక్కడికే వెళ్తారు.

సరే, ఇన్ని రోజులు ఇంత డోసు వాడితే ఇంత కాలానికి కోలుకుంటుంది అని ఒక పట్టిక వేసుకోవచ్చు కదా అంటారా? వేసుకోవాలని చూశారు. స్విట్జర్లాండ్ వాళ్లు 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన స్టడీ ఒకటుంది, నేను మా జూనియర్లకి ఎప్పుడూ చెప్తుంటా. 75 మంది పేషెంట్లు, ప్రెడ్నిసోన్ (ప్రెడ్నిసోలోన్‌తో సమానమైన మందు) లెక్కలో రోజుకి కనీసం 25 మి.గ్రా., ఐదు రోజుల నుంచి ముప్పై రోజుల లోపు, అంటే అచ్చంగా మనం షార్ట్ కోర్సు అని పిలిచేదే. ఆపాక ఒకే ఒక్క మైక్రోగ్రాము ఏసీటీహెచ్ ఇచ్చి అడ్రినల్ ఎలా స్పందిస్తుందో చూశారు. 34 మందిలో అణిగి ఉంది, మిగతా 41 మందిలో బాగానే ఉంది. అణిగినవాళ్లలో ఎక్కువమంది రెండు వారాల్లోపు లేచారు, ఇద్దరికి మాత్రం నెలల తరబడి లేవలేదు. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఏంటంటే, ఎవరికి అణుగుతుందో చూస్తే వాడిన డోసుకీ సంబంధం కనపడలేదు, వాడిన రోజులకీ సంబంధం కనపడలేదు. ఆ ఇద్దరినీ మొదటి రోజు వాళ్ల చీటీ చూసి ఎవరూ ఏరి పక్కన పెట్టగలిగేవాళ్లు కాదు.

దానికి ముందు 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే ఇంకో వైద్య పత్రికలో జర్మనీ వాళ్లది 279 మందితో ఇంకో స్టడీ వచ్చింది, అందులో సీఆర్‌హెచ్ ఇచ్చి చూశారు, అక్కడ కొందరు వారం వాడినవాళ్లు, కొందరు ఏళ్ల తరబడి వాడినవాళ్లు. అదే మాట. డోసు బట్టి చెప్పలేం, ఎన్నాళ్లు వాడారన్నది బట్టి చెప్పలేం, మామూలుగా తీసిన కార్టిసాల్ బట్టి కూడా నమ్మకంగా చెప్పలేం అని తేల్చారు.

మరి ఇదంతా చదివి భయపడాలా అంటే అక్కర్లేదు. జనాన్ని గుంపుగా చూస్తే లెక్క వేరేగా ఉంటుంది. 2015లో అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసినప్పుడు ఆస్తమా వాళ్లలో నెలలోపు వాడినవాళ్లకి అడ్రినల్ తగ్గడం 1.4 శాతం, ఏడాది పైన వాడినవాళ్లకి 27.4 శాతం అని తేలింది. అంటే వందమందిని వరసగా నిలబెడితే రోజులు పెరిగేకొద్దీ రిస్కు పెరగడం నిజం, ఆ వరసలో నుంచి ఒక్క మనిషిని బయటికి పిలిచి నీకు అవుతుంది నీకు అవ్వదు అని చెప్పడానికే ఆ అంకె పనికిరాదు. ఈ రెండూ ఒకేసారి నిజమే, దీన్ని జీర్ణించుకోవడం నాకూ చదువుకునే రోజుల్లో టైం పట్టింది. 2024లో యూరప్, అమెరికా ఎండోక్రైన్ (హార్మోన్ల డాక్టర్ల) సొసైటీలు కలిసి ఇచ్చిన గైడ్‌లైన్ కూడా మూడు నాలుగు వారాల లోపు వాడినదైతే డోసు ఎంతైనా సరే టేపర్ చెయ్యకుండా (కొంచెం కొంచెంగా తగ్గించకుండా) ఆపేయొచ్చు అనే చెప్పింది. నేనూ అదే పాటిస్తాను. టెస్టులో అణిగినట్టు కనపడ్డ అందరూ జబ్బు పడరు, చాలామంది ఇంట్లో మామూలుగా తిరుగుతుండగానే అడ్రినల్ లేచి కూర్చుంటుంది.

నా గొడవ ఆ గైడ్‌లైన్‌తో కాదు, "షార్ట్ కోర్సు" అన్న లెక్క మన దగ్గర ఎవరు వేస్తున్నారు అని. కాగితం మీద ఐదు రోజులే, ఆ కాగితాలు ఎన్ని ఉన్నాయి?

ఒకామె గురించి చెప్తా, గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. అరవై దగ్గర్లో ఉంటుంది, నాట్లకీ కలుపుకీ వెళ్లే మనిషి, మోకాళ్ల నొప్పులు. వాంతులు, అన్నం సయించట్లేదు, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి అని కొడుకు తీసుకొచ్చాడు. వారంగా గ్యాస్ ట్రబుల్ అని ఊళ్లో మందులు వేశారు, రెండుసార్లు సెలైన్ ఎక్కించారు, ఎక్కించిన పూట కాస్త లేచి మాట్లాడుతుంది, మర్నాటికి మళ్లీ మామూలే. నేను చూసేసరికి బీపీ పైది ఎనభై, సోడియం 118, పొటాషియం నార్మల్, షుగర్ తక్కువగా ఉంది. ముఖం మాత్రం గుండ్రంగా, నిండుగా ఉంది, మోచేతుల కింద చర్మం పల్చబడి అక్కడక్కడా నీలం మచ్చలు. వారంగా తిండి లేని మనిషికి ముఖం అలా ఉండకూడదు కదా.

"అమ్మా, మీరు స్టెరాయిడ్ మందు ఏదైనా వాడారా?" అంటే "అయ్యో లేదండి బాబుగారూ, అలాంటియ్యి మేం వాడం" అంది. అబద్ధం చెప్పలేదు, ఆమెకి అది స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురమ్మని కొడుకుని పంపాం, బట్టల షాపు కవర్ నిండా తెచ్చాడు. టేబుల్ మీద బోర్లించాం. పెయిన్ కిల్లర్లు, గ్యాస్ మాత్రలు, కాల్షియం, వాటి మధ్యలో న్యూస్‌పేపర్ ముక్కల్లో కట్టిన పొట్లాలు. ఒక్కో పొట్లంలో మూడు రకాల విడి మాత్రలు, ఒకటి చిన్న తెల్లది. పేరు లేదు, స్ట్రిప్ లేదు. ఒక్క పొట్లం మీద పెన్నుతో "ఉ-సా" అని రాసుంది, అంతే. కొడుకు చెప్పిన దాని ప్రకారం నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఐదు రోజులకి కట్టిస్తారు, అవి వేసుకుంటే పనికి వెళ్లగలదు, కోతలప్పుడూ నాట్లప్పుడూ అయితే ఒకదాని వెనక ఒకటి. ఇంకా వెతికితే పట్నంలో మోకాళ్లలో చేయించుకున్న ఇంజెక్షన్ చీటీ దొరికింది, ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్, రెండు కాళ్లకీ. దురదకి రాసుకునే క్రీమ్ ట్యూబు చూస్తే క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిసినది. ఇవన్నీ ఎవరికి వాళ్లు తక్కువ రోజులకే ఇచ్చారు, ఒకళ్లు ఇచ్చింది ఇంకొకళ్లకి తెలియదు. ఈసారి ఆ పొట్లాలు ఇచ్చేవాళ్లు ఊళ్లో లేక ఆగిపోయాయి, అదే టైంలో జ్వరం తగిలింది.

కార్టిసాల్‌కి రక్తం తీసి, రిజల్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇచ్చేశాం, సెలైన్ పెట్టాం. ఇలాంటప్పుడు రిపోర్టు కోసం కూర్చోకూడదు, అనుమానం వస్తే ముందు ఇచ్చేయాలి, ఒక్క డోసు వల్ల నష్టం లేదు, ఇవ్వకపోతే ప్రాణం పోవచ్చు. సాయంత్రానికి బీపీ నూటపది, ఆమె ఆకలేస్తోంది అని అడిగింది. ఇక్కడ డ్యూటీ డాక్టర్ల కోసం ఒక్క మాట, స్టెరాయిడ్ పడగానే యూరిన్ విపరీతంగా వచ్చి సోడియం గబగబా పెరుగుతుంది, మరీ తొందరగా పెరిగితే మెదడుకి ప్రమాదం, కొన్ని గంటలకోసారి సోడియం చూస్తూ ఉండాలి. మర్నాడు రిపోర్టు వచ్చింది, కార్టిసాల్ 2. అంత జబ్బులో ఉన్న మనిషికి ఇరవై పైన ఉండాల్సిన చోట రెండు. పొటాషియం నార్మల్‌గా ఎందుకుందంటే, ఉప్పుని పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్‌ని నడిపేది ఎక్కువగా కిడ్నీ వైపు నుంచి వచ్చే రెనిన్, దానికి పిట్యూటరీ మీద అంత ఆధారం లేదు. ఒళ్లు నల్లబడడం కూడా ఈ రకంలో ఉండదు, పుస్తకంలో చదివిన అడిసన్స్ జబ్బు (అడ్రినల్ గ్రంథే పాడైపోయే రకం) లక్షణాలు వెతుక్కుంటూ కూర్చుంటే ఇది తప్పిపోతుంది.

ఆమెని ముందే పసిగట్టొచ్చా? డోసు, రోజులు అనే రెండు అంకెలతో అయితే కుదిరేది కాదు. ఏడాది మొత్తంలో ఒంట్లోకి వెళ్లినదంతా కూడితే మాత్రం ఎవరికైనా అర్థమయ్యేది. నేను ఇప్పుడు ఎవరినైనా అంచనా వెయ్యాలంటే ఈ కోర్సు గురించి తక్కువ అడుగుతా, దీనికి ముందు జరిగినదాని గురించి ఎక్కువ అడుగుతా. "స్టెరాయిడ్ వాడారా" అని అస్సలు అడగను. నొప్పులకి పొట్లాలు కట్టించుకున్నారా, వేసుకోగానే ఆకలి బాగా వేసేదా, ముఖం ఉబ్బిందని ఎవరైనా అన్నారా, కీలులో సూది వేయించుకున్నారా, తామరకి ఏ ట్యూబు రాస్తున్నారు, ముక్కులో కొట్టుకునేది నోట్లో పీల్చుకునేది ఏదైనా ఉందా, నొప్పులకి పేరు లేని చూర్ణాలేమైనా తిన్నారా, ఇలా అడుగుతా. బ్రిటన్‌లో స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఎవరికి ఇవ్వాలి అన్న సూచనల్లో కూడా ఎక్కువకాలం వాడేవాళ్లతో పాటు, ప్రెడ్నిసోలోన్ 40 మి.గ్రా. వారం దాటి వాడినవాళ్లనీ, మళ్లీ మళ్లీ షార్ట్ కోర్సులు పడ్డవాళ్లనీ చేర్చారు. 2020 నుంచి అక్కడ ఆ కార్డు ఇస్తున్నారు.

కీలులో ఇంజెక్షన్ గురించి జనానికి అస్సలు అనుమానం రాదు, మోకాల్లో వేసింది మోకాల్లోనే ఉంటుంది అనుకుంటారు. అది మెల్లగా రక్తంలోకి దిగుతుంది, వారాల తరబడి పని చేస్తుంది. నేను పైన చెప్పిన 2015 లెక్కల్లో ఏ దారిన ఇస్తే ఎంతమందికి అణిగింది అని చూస్తే ముక్కు స్ప్రేకి 4.2 శాతం, కీలు ఇంజెక్షన్‌కి 52.2 శాతం. ఎక్కువ ఇదే.

ఇంకోటి, స్టెరాయిడ్‌తో పాటు పడే వేరే మందులు. లివర్‌లో స్టెరాయిడ్‌ని కరిగించే ఎంజైమ్‌ని కొన్ని మందులు కట్టేస్తాయి, అప్పుడు చిన్న డోసు కూడా పెద్ద డోసులా పని చేస్తుంది. మన దగ్గర తామర ఎంత ఎక్కువుందో చూస్తున్నారుగా, మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన మిక్స్‌డ్ క్రీమ్ కొనుక్కుని నెలల తరబడి రాస్తారు, తగ్గకపోతే దానికి తోడు ఇట్రాకొనజోల్ మాత్రలు పడతాయి, ఆ ఇట్రాకొనజోల్ సరిగ్గా అలాంటి మందే. హెచ్‌ఐవీకి వాడే రిటోనావిర్ ఇంకా గట్టిది, అది వేసుకునే మనిషికి ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాసినా, కీలులో ట్రయామ్‌సినలోన్ వేసినా కొన్ని వారాల్లో కుషింగ్స్ ముఖం వచ్చేసి అడ్రినల్ పూర్తిగా పడుకుంటుంది. దీనికి రివర్స్ టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్, అది స్టెరాయిడ్‌ని తొందరగా బయటికి పంపేస్తుంది, సగం లేచిన అడ్రినల్‌తో నెట్టుకొస్తున్న మనిషికి రిఫాంపిసిన్ మొదలుపెడితే అప్పుడు బయటపడుతుంది. రాత్రి పూట వేసుకునే డోసు కూడా పొద్దున వేసుకునే దానికన్నా ఎక్కువ అణుస్తుంది, తెల్లవారుజామున లేవాల్సిన ఏసీటీహెచ్‌ని లేవకుండా చేస్తుంది కాబట్టి. అందుకే ప్రెడ్నిసోలోన్ పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేసుకోమంటాం.

టెస్టు గురించి. పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య సీరమ్ కార్టిసాల్, అన్నిటికన్నా సులువు ఇదే, మన జిల్లా టౌన్లలో కూడా చేస్తున్నారు. 10 మైక్రోగ్రాములు దాటితే అడ్రినల్ లేచినట్టే, ఆపేయొచ్చు. 5 కన్నా తక్కువుంటే ఇంకా లేవలేదు, ఒంటికి సరిపడా చిన్న డోసు కొనసాగించి కొన్ని నెలలాగి మళ్లీ చూడాలి. 5కీ 10కీ మధ్య ఉంటే చిన్న డోసు మీదే ఉంచి కొన్ని వారాల నుంచి నెలల్లో మళ్లీ టెస్టు, లేదంటే ఏసీటీహెచ్ ఇచ్చి చూసే టెస్టు. ఇది ఎలా తప్పుదారి పట్టిస్తుందో కూడా తెలుసుకోండి. సాయంత్రం నాలుగింటికి తీయించుకుని తక్కువొచ్చిందని కంగారుపడి వచ్చేవాళ్లున్నారు, సాయంత్రం తక్కువే ఉంటుంది, ఆ రిపోర్టుకి విలువ లేదు. ప్రెడ్నిసోలోన్ వేసుకున్న పొద్దునే రక్తం ఇస్తే చాలా ల్యాబ్ మెషీన్లు ఆ మందుని కూడా కార్టిసాల్ కింద చూపించేస్తాయి, ఒక రోజు ముందు నుంచి వేసుకోకుండా వెళ్లాలి, అది కూడా డాక్టర్ని అడిగే. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లలో కార్టిసాల్‌ని మోసే ప్రోటీన్ పెరిగి రిపోర్టు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఏసీటీహెచ్ టెస్టుకి వాడే సినాక్తెన్ అనే మందు మన దేశంలో అంత తేలిగ్గా దొరకదు, చాలా చోట్ల దాని బదులు ఆక్టన్ ప్రొలాంగేటం అనే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ కండకి ఇచ్చి గంటకి రక్తం తీస్తారు.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఎక్కువ డోసు, తక్కువ కాలం, ఆపేయడం, ఈ మూడూ అచ్చంగా కనపడేది బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకి మొదటి దశ కీమోలో నాలుగు వారాల పాటు ప్రెడ్నిసోలోనో డెక్సామెథాసోనో గట్టి డోసులో ఇస్తారు. కోక్రేన్ అనే సంస్థ వాళ్లు స్టడీలు కలిపి చూస్తే ఆపిన మొదటి రోజుల్లో దాదాపు పిల్లలందరికీ అడ్రినల్ అణిగే ఉంది, ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకున్నారు, కొద్దిమందికి 34 వారాల దాకా పట్టింది. ఒకటే మందు, దాదాపు ఒకటే డోసు, ఒకటే కాలం, అయినా పిల్లకీ పిల్లకీ అంత తేడా. సరిగ్గా ఆ రోజుల్లోనే తెల్లకణాలు పడిపోయి జ్వరాలొస్తాయి, జ్వరమొస్తే ఒంటికి మామూలుకన్నా చాలా ఎక్కువ కార్టిసాల్ కావాలి. పిల్లాడు ఊరికే మగతగా పడుకుని ఉన్నాడు, ఆడుకోవట్లేదు, పాలు కక్కుతున్నాడు అని తల్లి చెప్తే కీమో వల్లేలే అని వదిలెయ్యకూడదు, షుగర్, బీపీ చూడాలి, స్టెరాయిడ్ డోసు ఇవ్వాలా అని ఆలోచించాలి. నెఫ్రోటిక్ పిల్లల్లో జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ కోర్సు పడుతుంది, వాళ్లకీ ఇదే జాగ్రత్త.

కరోనా అప్పుడు ఎంతమందికి స్టెరాయిడ్ పడిందో మీకు తెలుసు. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది, ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి డెక్సామెథాసోన్ రోజుకి 6 మి.గ్రా., పది రోజుల వరకు, నిజంగా ప్రాణాలు కాపాడింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి ఉపయోగం కనపడలేదు. కానీ 2021 సెకండ్ వేవ్‌లో వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసుకుని ఇంట్లోనే మొదటి రోజు నుంచే, ఇంకా పెద్ద డోసులు, ఇంకా ఎక్కువ రోజులు వాడేశారు. దాని తర్వాత షుగర్లు పెరిగి బ్లాక్ ఫంగస్ ఎలా వచ్చిందో, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు జనం ఎలా నిలబడ్డారో మర్చిపోయే విషయం కాదు. అప్పట్లో నీరసం నెలల తరబడి తగ్గకపోతే అందరూ పోస్ట్ కోవిడ్ అన్నారు, చాలావరకు అదే అయ్యుంటుంది, కానీ వాళ్లలో ఎవరికైనా పొద్దున కార్టిసాల్ ఒక్కసారి చూశారా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, అది అంత ఖరీదైన టెస్టు కూడా కాదు.

రేపటికి ఏమైనా మెరుగైన దారి ఉందా అంటే రెండు విషయాలు నాకు ఆశగా కనిపిస్తున్నాయి. ఒకటి జీన్స్, 2018లో ఇన్‌హేలర్ స్టెరాయిడ్లు వాడే ఆస్తమా పిల్లల్ని పరిశీలిస్తే పీడీజీఎఫ్‌డీ అనే జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకి అడ్రినల్ అణగడం ఎక్కువుందని తేలింది. ఒకే డోసుకి ఒకరికి అణిగి ఇంకొకరికి అణగకపోవడానికి కారణం ఇలాంటి చోటే ఎక్కడో ఉండి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఓపీలో చేసే టెస్టుగా రావడానికి ఇంకా దూరం ఉంది. రెండోది లాలాజలం. పొద్దున లేవగానే ఇంట్లోనే ఉమ్మి శాంపిల్ తీసి పంపితే అందులో కార్టిసోన్ (కార్టిసాల్ మారిన రూపం) చూసి అడ్రినల్ బాగుందో లేదో చాలామందిలో చెప్పొచ్చని 2023లో బ్రిటన్ వాళ్లు చూపించారు. పొద్దున్నే ఎనిమిదింటికి బస్సెక్కి టౌన్‌కి రాలేని మనిషికి ఇది ఎంత సుఖమో ఆలోచించండి, ఇది మన దగ్గరికి తొందరగా రావాలని కోరుకుంటున్నా.

అప్పటిదాకా నేను చేస్తున్నది చెప్తా. షార్ట్ కోర్సు రాసిన ప్రతివాళ్లకీ చీటీ మీద తెలుగులో "ఇది స్టెరాయిడ్" అని, మొదలుపెట్టిన తేదీ, ఆపే తేదీ రాసిస్తాను. ఆ చీటీ ఫోన్‌లో ఫోటో తీసుకోమంటాను, వేరే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా చూపించమంటాను. మళ్లీ మళ్లీ కోర్సులు పడ్డవాళ్లకైతే ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి చెప్తా, ఆపాక కొన్ని నెలల పాటు జ్వరమొచ్చి మనిషి మరీ వాలిపోతున్నా, వాంతులై ఏదీ నిలవకపోయినా, లేస్తే పడిపోతున్నా గ్యాస్ అనుకుని ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి "ఈమె స్టెరాయిడ్ వాడింది" అని మొదటి మాటగా చెప్పండి అని. ఆ ఒక్క మాట డాక్టర్ చేతిని హైడ్రోకార్టిసోన్ వైపు తీసుకెళ్తుంది. రోజూ చిన్న డోసు మీద ఉన్నవాళ్లు జ్వరం ఉన్న రెండు మూడు రోజులు డోసు డబుల్ చేసుకోవాలి, వాంతి అయి మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే. ఇక స్టెరాయిడ్ అంటే భయపడి రాసిన ఐదు రోజుల్లో రెండు రోజులకే ఆపేసేవాళ్లకి కూడా చెప్తున్నా, ఆస్తమా అటాక్‌లో ఆ మాత్ర ఊపిరి నిలబెడుతుంది, దయచేసి పూర్తిగా వాడండి.

ఆపరేషన్ ఉన్నవాళ్లు తప్పకుండా మత్తు డాక్టర్‌కి చెప్పాలి. కార్టిసోన్‌ని మొదటిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చింది 1948లో, అమెరికాలో మేయో క్లినిక్‌లో, 1950లో దానికి నోబెల్ కూడా వచ్చింది. ఆ మొదటి రోగి తర్వాత నాలుగేళ్లకే, 1952లో, ఒక రిపోర్టు అచ్చయింది, కార్టిసోన్ వాడుతున్న కీళ్లవాతం రోగి ఒకరు తుంటి ఆపరేషన్ తర్వాత షాక్‌లోకి వెళ్లి చనిపోయారు, చూస్తే అడ్రినల్స్ ఎండిపోయి ఉన్నాయి. మత్తు డాక్టర్లు "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అన్నిసార్లు అడగడం వెనక ఇలాంటివి ఉన్నాయి. వాళ్లకి ముందే తెలిస్తే థియేటర్‌లో హైడ్రోకార్టిసోన్ ఇచ్చి దాటించేస్తారు. పన్ను పీకించుకోవడం లాంటి లోకల్ మత్తుతో అయ్యే చిన్న పనులకి సాధారణంగా ఇంజెక్షన్ అవసరం రాదు, రోజూ వేసుకునే డోసు ఆ పొద్దున మానకుండా ఉంటే చాలు, ఆకలి కడుపుతో రమ్మన్నారని ఆ మాత్ర కూడా మానేసి వస్తుంటారు, ఒక గుక్క నీళ్లతో అది వేసుకోవచ్చో లేదో ముందు రోజే ఫోన్ చేసి అడగండి.